చప్పుళ్ళ జల్లెడ

హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చిన రోజున శేషారత్నానికి ఎదురైన మొదటి ప్రశ్న, తీగ ఎక్కడ కట్టాలన్నది.

పరీక్షలో అడిగిన ప్రశ్నలన్నిటికీ పుస్తకంలో జవాబులున్నాయి. దీనికి లేదు. కాకినాడలో వాళ్ళుండేది మూడో అంతస్తు ఫ్లాటు. రేడియోకి కావలసిన ఏరియల్ తీగ సాగదీస్తే ఇరవై మీటర్లు. బాల్కనీ చూస్తే రెండు కుర్చీలు, ఒక పూలకుండీ పట్టేంత. డాబా మీద నీళ్ళ ట్యాంకు నుంచి లిఫ్టు గది దాకా కట్టుకుంటే సరిపోతుంది గానీ, డాబా అందరిదీ.

“పిడుగు పడితేనో?” అన్నారు అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు పళ్ళంరాజు గారు.

“ఉరిమితే చాలు, తీగ ఊడదీసి బయట పడేస్తానండి. భూమిలోకి రాగి కడ్డీ కూడా దింపిస్తాను.”

“మా టీవీలు పాడవ్వవు కదా?”

“బొమ్మ అదిరితే నాకు ఒక్క కేక వెయ్యండి. ఆపేస్తాను.”

“రేడియేషనూ అదీ అంటారు మరి...”

“మీ ఫోను మీరు చెవికి ఆనించుకునే మాట్లాడతారు కదండి. నా తీగ మీ నెత్తికి రెండు నిలువుల ఎత్తున ఉంటుంది.”

పళ్ళంరాజు గారు చెవి దగ్గరున్న ఫోను కిందికి దించి, “సరే కట్టుకోండి. ఎవరన్నా గొడవ చేస్తే మాత్రం విప్పేయాలి, ముందే చెప్తున్నా” అన్నారు.

శేషారత్నం ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరు. ఆ బోర్డులు పాత ఇనప్సామాను కిందికి పోయాక ఏవో కాగితాల సీట్లలో కూర్చుని రిటైరైంది. పోయిన ఏడాది తుపానులో ఊళ్ళో సెల్‌ఫోన్లన్నీ మూగబోయాయి. పునరావాసం పెట్టిన స్కూలు వరండాలో ఒక పెద్దమనిషి కారు బ్యాటరీకి చిన్న రేడియో తగిలించుకుని, ఉప్పాడ వైపు పాలప్యాకెట్లు కావాలని చెప్తుంటే, అటునుంచి ఎవరో “అందింది, పంపుతున్నాం” అనడం ఆమె చెవిన పడింది. గరగరలాడే ఆ గొంతు వినగానే చేతిలో ఉన్న పులిహోర పొట్లాల సంచి అక్కడే పెట్టేసి నిలబడిపోయింది. ఆ పెద్దమనిషి పేరు సత్యానందం, ఊరు అమలాపురం. ఆయనే తర్వాత ఆమెకి పాఠాలు చెప్పి, పరీక్ష రాయించి, తన పాత సెట్టు ఇచ్చాడు.

“దేశంలో అందరి దగ్గరా ఫోన్లున్నాయి. నీకిదెందుకే?” అన్నాడు భర్త వీరభద్రం. ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాడు.

“ఫోన్లో అయితే తెలిసినవాళ్ళతోనే మాట్లాడతామండీ. దీంట్లో ఎవరు పలుకుతారో పలికేదాకా తెలీదు.”

తీరా తీగ కట్టి స్విచ్చి వేస్తే ఎవరూ పలకలేదు. కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చర్రుమని ఒకటే మోత. ఆ మోత అడుగున ఎక్కడో సత్యానందం పిలుస్తున్నాడని తెలుస్తోంది గానీ ముక్క అర్థం కాలేదు. ఫోను చేస్తే ఆయన నవ్వాడు.

“అపార్ట్‌మెంటు జబ్బు అమ్మా అది. ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు, లిఫ్టు... ప్రతిదీ లోలోపల గొణుగుతూనే ఉంటుంది. మీ తీగకి ఆ గొణుగుడంతా వినిపిస్తోంది. కొత్తగా దిగినవాళ్ళు సగంమంది అక్కడే విసిగిపోయి మానేస్తారు.”

మానేసే మనిషి కాదు శేషారత్నం. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తున్న అన్న కూతురు మంజీరకి ఫోను చేసింది. మాట పూర్తికాకముందే మంజీర, “అత్తా! నేను రెండేళ్ళుగా చేస్తున్న పనే అది. వచ్చేస్తున్నా” అంది.

వస్తూ టిఫిను డబ్బా అంత పెట్టె ఒకటి, దానికో చిన్న తెర తెచ్చింది. రేడియోకి తగిలించి, వంటింట్లోకి వెళ్ళి మిక్సీ తిప్పింది. రేడియో పులిలా గాండ్రించింది. మంజీర తిప్పుతూనే ఉంది. గాండ్రింపు సన్నగిల్లి, సన్నగిల్లి, చివరికి పూర్తిగా ఆగిపోయింది. మిక్సీ మాత్రం వంటింట్లో తిరుగుతూనే ఉంది.

“చూశావా? మిక్సీ గొంతు ఎలాంటిదో ఇది నేర్చుకుంది. నేర్చుకున్నదాన్ని లోపలికి రానివ్వకుండా ఏరేస్తుంది. ఏ రెండు యంత్రాల గొంతూ ఒకలా ఉండదత్తా. ఒకే కంపెనీ బల్బులు రెండు తెచ్చినా తేడా పట్టేస్తుంది. దీని పేరు జల్లెడ.”

తెర మీద ఆకుపచ్చ గీతలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కో గీత ఒక్కో చప్పుడు. ఏది ఎంత దూరంలో, ఏ వైపు ఉందో కూడా జల్లెడ లెక్క కడుతుంది. “దేనిదేదో నువ్వు పేరు పెడితే ఇంకా తొందరగా నేర్చుకుంటుంది. ఇందులో నమోదైనదంతా నెట్‌లో మాకూ చేరుతుంది. మాకు ప్రయోగానికి నిండా మనుషులున్న అపార్ట్‌మెంటు ఒకటి కావాలి. నీదే ఆ అపార్ట్‌మెంటు” అని చెప్పి మంజీర వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి మోత నీళ్ళు తేరినట్టు తేరిపోయింది. పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చుంటే సత్యానందం పక్కింట్లోంచి మాట్లాడినంత తేటగా వినిపించాడు. ఆయన వెనక గుంటూరు, బళ్ళారి, ఎక్కడో కటక్. వీరభద్రం కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “కటక్‌లో వర్షమట!” అని పేపర్లో లేని వార్త చదివినట్టు సంబరపడ్డాడు.

అయితే శేషారత్నానికి గొంతుల కంటే తెర మీద గీతలు ముద్దొచ్చాయి. పేర్లు పెట్టడం ఆటలా ఉంది. పొద్దున్నే లేచే గీత పళ్ళంరాజు గారి గీజరు. తలుపు తీసినప్పుడల్లా ఉలిక్కిపడేది కింది వాటా ఫ్రిజ్జు. ఎదురింటి కొత్త కోడలు హెయిర్ డ్రయరు వేసిందంటే సినిమాకి బయల్దేరుతున్నారన్నమాట. “ఇదిగో, రాజుగారు ఇవాళ రెండోసారి స్నానం చేస్తున్నారు” అని ఆమె అంటే, “నీకెందుకే” అంటూనే వీరభద్రం తొంగిచూసేవాడు. వేసవి వెళ్ళేసరికి రేడియో వినడం తక్కువైంది, తెర చూడడం ఎక్కువైంది.

రెండో అంతస్తు ఫ్లాటులో ఇందుమతి అనే టీచరు, ఆమె భర్త కాశీపతి ఉంటారు. కాశీపతి పోర్టు దగ్గర ఒక ఎగుమతుల ఆఫీసులో అకౌంట్స్ చూస్తాడు. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది. వాళ్ళిద్దరూ పొద్దున్నే తాళం వేసుకుని చెరో దారినా వెళ్ళిపోతారు. అయినా రోజూ మధ్యాహ్నమంతా ఆ ఇంటి గీత ఒకటి సన్నగా, సాధుగా వెలుగుతూ ఉండేది. అదేమిటో, మంజీర ముందే నేర్పిన గొంతులతో పోల్చి జల్లెడే చెప్పింది: ఎలక్ట్రానిక్ కీబోర్డుకి పెట్టే అడాప్టరు.

ఒక సాయంత్రం గేటు దగ్గర కూరగాయల బండి మీద బెండకాయలు ఏరుకుంటూ శేషారత్నం ఇందుమతితో మాట కలిపింది.

“మధ్యాహ్నం పూట మీ ఇంట్లో కీబోర్డు నేర్చుకుంటున్నది ఎవరండీ? ఒక్క రోజు కూడా మానరు!”

“మా ఇంట్లోనా?” ఇందుమతి చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది. “కీబోర్డు మా పాపది, బీరువా మీద పడుంది. పగలు ఎవరుంటారండి? తాళం వేసేసి పోతాం కదా.”

“లేదండీ, రోజూ వేస్తున్నారు. నా పెట్టెలో కనపడుతోంది.”

ఇందుమతి మొహం పాలిపోయింది. బెండకాయలు బండి మీదే వదిలేసి పైకి పరుగెత్తింది.

ఇంట్లో ఎవరో దూరుతున్నారని ఆమె అనుకుంది. కాశీపతి రాగానే పోలీసులకి చెబుదామంది, ఈ పూటే తాళం మార్పించమంది, పళ్ళంరాజు గారిని పిలుచుకొస్తానని గుమ్మం దిగబోయింది. అప్పుడు కాశీపతి ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ఆ దూరుతున్నది తనేనని చెప్పాడు. ఆఫీసు వాళ్ళు వేసవి సెలవులు అయిపోగానే పొమ్మన్నారట. రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరడం, ఆమె బస్సు ఎక్కేదాకా సందు చివర నిలబడడం, వెనక్కొచ్చి చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని కీబోర్డు ముందు కూర్చోవడం.

ఆ మాటలు మెట్లమీదుగా మూడో అంతస్తు దాకా వచ్చాయి. ఇందుమతి ఏడుపు కూడా వచ్చింది. “ఉద్యోగం పోయినందుక్కాదు. ఇన్నాళ్ళు నా చేత క్యారేజీ కట్టించుకున్నావు చూడూ, అందుకు!” కాశీపతి చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఫోను ఇంట్లోనే వదిలేశాడు. వీరభద్రం, పళ్ళంరాజు గారు, ఇంకో ఇద్దరు బీచి రోడ్డు, బస్టాండు, జగన్నాథపురం వంతెన, అన్నీ తిరిగొచ్చారు. తెల్లారాక ఆయనే వచ్చాడు, ప్యాంటు మోకాళ్ళదాకా ఇసకతో.

శేషారత్నం ఆ పొద్దున్న రేడియో వేయలేదు. ఎక్స్ఛేంజిలో చేరిన తొలిరోజు సూపర్‌వైజరు రోజలీన్ గారు చెప్పిన మాట గుర్తొచ్చింది: విన్నది బోర్డు దగ్గరే వదిలి కుర్చీలోంచి లేవాలి. ఎన్నో ఏళ్ళు ఊరి కష్టసుఖాలన్నీ ఆమె చెవుల మీదుగా వెళ్ళాయి. చావు కబుర్లు, తగువులు, తప్పిన పెళ్ళిసంబంధాలు. ఒక్క మాట పెదవి దాటలేదు. ఇప్పుడు బెండకాయల బండి దగ్గర దాటింది.

“నువ్వు కావాలని అన్లేదు కదా” అన్నాడు వీరభద్రం.

“కావాలని అనకపోయినా వాళ్ళిల్లు కూలిందిగా?” అని ఆమె జల్లెడ తీగ పీకేసింది. రేడియో మళ్ళీ చర్రుమంది.

రెండు రోజులకి మంజీర దిగింది, చేతిలో స్వీటు ప్యాకెట్టుతో, కళ్ళలో పట్టలేని ఆనందంతో. ఒక పెద్ద కంపెనీ జల్లెడ కావాలంటోందట. రేడియో కోసం కాదు. ఏ ఇంట్లో ఏయే వస్తువులు వాడుతున్నారు, మనుషులు ఎప్పుడుంటారు, ఎప్పుడుండరు, ఇవన్నీ తీగ ముట్టకుండా బయటినుంచే తెలుసుకోవచ్చని వాళ్ళకి అర్థమైంది. “నీ అపార్ట్‌మెంటు రికార్డు చూసి వాళ్ళు నోరెళ్ళబెట్టారత్తా. ఇంత బాగా పేర్లు పెట్టినవాళ్ళు ఇంకెవరూ లేరు. అది ఇస్తే సంతకాలు పెడతామన్నారు.”

“అది ఇవ్వకు. చెరిపెయ్యి” అంది శేషారత్నం.

మంజీర నవ్వింది. అత్త మొహం చూసి నవ్వాపింది. సంగతంతా విన్నాక కూడా ఒప్పుకోలేదు. “నువ్వు నోరు జారావు. దానికి పెట్టెనెందుకు అంటావు? ఏరెయ్యాలంటే గుర్తుపట్టాలి, గుర్తుపట్టాలంటే గుర్తుంచుకోవాలి. దాని చదువే అది. రెండేళ్ళ కష్టం అత్తా!”

ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉండగా తలుపు చప్పుడైంది. కాశీపతి. గడ్డం పెరిగింది గానీ మనిషి నిదానంగానే ఉన్నాడు. శేషారత్నం లేచి నిలబడింది. “నాదే తప్పు బాబూ” అంది.

“పర్లేదండి.” ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. “ఆ పెట్టెలో నేను కనపడతానన్నారటగా. ఓసారి చూడచ్చా?”

మంజీర అత్త వైపు చూసి, పెట్టె తగిలించి తెర తిప్పింది. వేసవి సెలవులు అయినప్పట్నుంచి మొన్నటి దాకా, రోజుకో ఆకుపచ్చ గీత, మధ్యాహ్నాలన్నీ వరసగా. కాశీపతి వేలితో ఒకచోట చూపించాడు.

“ఈ వారం లేదు చూడండి. పాపకి జ్వరమని హాస్టలుకి వెళ్ళాను. ఇక్కడ... ఇక్కడ ఎక్కువసేపు ఉంది. ఆ రోజు ఇంటర్వ్యూలో కాదన్నారు.” వేలు తెర మీంచి తీశాడు. “చిన్నప్పట్నుంచీ నేర్చుకోవాలని ఉండేదండి. కుదరలేదు. ఉద్యోగం పోయినప్పుడు కుదిరింది. ఎవరితో చెప్పుకుంటాం?”

శేషారత్నం ఆయన పక్కకి కుర్చీ జరుపుకుని కూర్చుంది.

“మా ఆవిడకి చెబుదామనే అనుకున్నాను. వచ్చే నెల ఆవిడ పుట్టినరోజు. ఒక పాట పూర్తిగా వచ్చేక, అది వాయించి, అప్పుడు చెబుదామని. పిచ్చి ఆలోచనే అనుకోండి. కానీ చెప్పుకునే మాట నాది కదండీ? అది నా నోట్లోంచి రావాల్సింది. తెర మీంచి వచ్చేసింది.” మంజీర వైపు తిరిగాడు. “అమ్మా, ఇది మీరు చేశారట. చాలా గొప్పగా ఉంది. నిజంగానే అంటున్నాను. దీన్ని ఇంకా ఎంతమంది చూస్తారు?”

మంజీర తెర మీద గీతల్ని పైనుంచి కింది దాకా చూసింది. ఇన్నాళ్ళూ అవి ఆమెకి అడాప్టర్లు, మోటార్లు. ఇప్పుడు ఒక గీతలో పాప జ్వరం ఉంది, ఒక గీతలో కాదన్న ఇంటర్వ్యూ ఉంది. మిగిలిన గీతల్లో ఏమేమున్నాయో.

ఆమె మీటలు నొక్కి, పరిశోధనశాలలో ఉన్న నకలుతో సహా చెరపడం మొదలుపెట్టింది. గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చెరిపేస్తున్నంతసేపూ పెదవి కొరుక్కుంటూనే ఉంది. అయిపోయాక అత్త ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. శేషారత్నం జుట్టు నిమురుతూ ఉండిపోయింది. వీరభద్రం లోపలికి వెళ్ళి అందరికీ కాఫీ కలుపుకొచ్చాడు. చక్కెర మర్చిపోయాడు. ఎవరూ ఆ మాట అనలేదు.

కంపెనీ వాళ్ళు వెనక్కి తగ్గారు. పరిశోధనశాలలో మంజీరని వేరే పనిలోకి మార్చారు. ఆ దెబ్బ తగ్గడానికి ఆమెకి కొన్ని నెలలు పట్టింది.

ఈలోగా శేషారత్నం మళ్ళీ మొదటికొచ్చింది. తీగ ఉంది, రేడియో ఉంది, మోత ఉంది. సత్యానందాన్ని అడిగితే ఆయన పాత పద్ధతి చెప్పాడు: మోత ఎక్కడ పుడుతోందో అక్కడికే వెళ్ళాలి. చార్జరు తీగకి ఫెర్రైటు అనే ఇనప పదార్థంతో చేసిన నల్లటి కడియం తొడిగి, తీగని దాంట్లోంచి నాలుగు చుట్లు తిప్పితే గొణుగుడు చాలావరకు అణుగుతుంది. కొన్ని బల్బులకి అదీ పనిచేయదు, మార్చుకోమని బతిమాలాలి.

అంటే ఇంటింటికీ వెళ్ళాలి. తలుపు కొట్టాలి, కారణం చెప్పాలి, లోపలికి రానిస్తే వెళ్ళాలి. శేషారత్నం మొదట వెనకాడింది. ఆ గొడవ తర్వాత ఆమెని చూస్తే కొందరు మాట మార్చేస్తున్నారు. అప్పుడు కాశీపతి వచ్చాడు. “నాకెలాగూ ఖాళీయే. స్టూలు ఎక్కడం మీ వల్ల అవుతుందా? పదండి.” ఆయన పక్కనుంటే జనం తలుపులు తీశారు. ఆయనకే కోపం లేనప్పుడు మనకెందుకు అనుకున్నట్టున్నారు.

పళ్ళంరాజు గారి ఇంట్లో ఆక్వేరియం పంపు దొరికింది. “మీ పెట్టెలో మా చేపలు కూడా కనపడ్డాయా?” అని ఆయన దెప్పితే, “పెట్టె లేదండి ఇప్పుడు. మీరు చెప్తేనే నాకు తెలుస్తుంది” అంది శేషారత్నం. ఆయన చేపల పేర్లన్నీ చెప్పి, కాఫీ తాగితే గానీ కదలనివ్వలేదు. ఒక ఇంట్లో ముసలాయన కంటి ఆపరేషను సంగతులు చెప్పాడు. ఎదురింటి కోడలు తన పేరు చంద్రిక అని చెప్పింది. ఆమె వచ్చి ఏడాది దాటినా, సినిమాకి ఎప్పుడు వెళ్తుందో తెలిసిన శేషారత్నానికి పేరు తెలియడం అదే మొదలు. ఇందుమతి మాత్రం తలుపు తీసి, మాట్లాడకుండా పక్కకి తప్పుకుంది. కడియం తొడిగి వెళ్ళబోతుంటే, “బెండకాయలు వేపుడు చేశాను. పట్టుకెళ్ళండి” అని గిన్నె చేతిలో పెట్టింది. శేషారత్నం కళ్ళు తుడుచుకుంటూ మెట్లెక్కింది.

దసరా సెలవులకి మంజీర వచ్చింది. అత్త వెనకాలే కడియాల సంచి మోస్తూ రెండంతస్తులు తిరిగింది. మూడు ఇళ్ళలో ఉప్మా తినాల్సి వచ్చింది. “ఇది ప్రయోగం కాదత్తా, పేరంటం” అంది ఆయాసపడుతూ.

“పేరంటమే. పిలవని పేరంటం” అని శేషారత్నం ఒప్పుకుంది.

నవ్వాక మంజీర మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. సెలవు దినాల్లో ఇంకో జల్లెడ మొదలుపెట్టిందట. స్విచ్చి ఆపగానే అన్నీ మర్చిపోయేది. మళ్ళీ వేసినప్పుడల్లా ఓనమాల నుంచి నేర్చుకోవాలి, కాబట్టి మందకొడిగా పనిచేస్తుంది. “దీన్ని ఎవరూ కొనరు” అంది. ఆ మాట దిగులుగా చెప్పలేదు.

ఆ మర్నాడు పొద్దున్న శేషారత్నం రేడియో ముందు కూర్చుంది. పక్కన వీరభద్రం, వెనక మంజీర. కడియాల పుణ్యమా అని మోత సగానికి పైగా తగ్గింది. పూర్తిగా పోలేదు. లిఫ్టు కదిలినప్పుడల్లా ఒక గుర్రు, ఎవరిదో బల్బు సన్నటి ఈల. అది ఎవరి బల్బో ఆమెకి తెలియదు. ఇంతవరకూ సత్యానందం పిలిస్తే పలకడమే గానీ తనంతట తాను ఎవరినీ పిలవలేదు. మైకు నొక్కి, గొంతు సవరించుకుని, “సీక్యూ, సీక్యూ... ఎవరైనా వింటున్నారా” అని, లైసెన్సుతో తనకిచ్చిన గుర్తు చెప్పింది.

గుర్రు, ఈల. మళ్ళీ పిలిచింది. మళ్ళీ అంతే.

మూడోసారి పిలిచాక మోత అడుగునుంచి సన్నగా ఒక గొంతు లేచింది. తెలుగు గొంతు! “...బ్లెయిరు నుంచి... పేరు...” అంతలో ఎవరో లిఫ్టెక్కారు.

“పేరు అందలేదండీ, మళ్ళీ చెప్పండి” అంది శేషారత్నం.

“పోర్టు బ్లెయిరు నుంచండి. నా పేరు...” ఈల.

“సారీ అండీ, మాది అపార్ట్‌మెంటు. చుట్టూ చప్పుళ్ళు. ఇంకొక్కసారి చెప్తారా? విసుక్కోకండి.”

సముద్రం అవతల ఆయన నవ్వడం మాత్రం స్పష్టంగా వినిపించింది.

“విసుగేముందమ్మా. మీకు అందేదాకా చెప్తూనే ఉంటాను, వినండి.”

శేషారత్నం కళ్ళు మూసుకుని చెవులు రిక్కించింది.